నెవిల్ ఇంటి సాలీడు

ఆ శనివారం పొద్దున నెవిల్ పథకం చిన్నది. దారిలో ఆసుపత్రిలో సాలీడును ఇచ్చేసి, అటునుంచి అటే క్లబ్బుకు పోయి బంతులు దొర్లించే పోటీలో ఫైనల్ ఆడాలి. ఫైనల్ దాకా రావడం అతని జన్మలో ఇదే మొదలు.

సాలీడును ముందురోజు బట్టలుతికే గదిలో జాము సీసాలో పట్టింది భార్య లొరైన్. వానలు పడితే సిడ్నీ చుట్టుపక్కల ఇళ్ళలోకి గరాటు సాలీళ్ళు దూరుతాయి, కరిస్తే ప్రాణాలకే ముప్పు. వాటిని చంపరు. సీసాలో పట్టి ఆసుపత్రిలో ఇస్తే, విషం తీసి విరుగుడు మందు చేస్తారు.

నెవిల్ మేజోళ్ళతోనే పచ్చిక దాటి పేపరు తెచ్చుకున్నాడు. వసారాలో కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. లేస్తూ చూస్తే బల్లమీద జాము సీసాకు మూత లేదు. లోపల సాలీడూ లేదు. అడుగు వేశాడు. పాదంలో చురుక్కుమంది.

"లొరైన్! కరిచిందే!" బూటు ఊడబీకి గులాబీ పొదల్లోకి విసిరాడు.

"దులిపి తొడుక్కున్నావా?"

"లేదు."

"పెళ్ళైనప్పట్నుంచీ మొత్తుకుంటున్నా. కదలకు!"

ఇలాంటప్పుడు కాలంతా బిగించి కట్టాలని అక్కడ అందరికీ తెలుసు. లొరైన్ మేజోడు మీదనుంచే కట్టు మొదలుపెట్టింది. మోకాలి దగ్గర కట్టుగుడ్డ అయిపోయింది. కత్తెర తెచ్చింది.

"ఆ ప్యాంటు వద్దే! క్లబ్బు ప్యాంటు!"

"బతికితే ఇంకోటి కుట్టిస్తాలే."

కాలు కదలకుండా చీపురుకర్ర కూడా కట్టి, అంబులెన్సుకూ క్లబ్బుకూ ఫోన్లు చేసింది. క్లబ్బులో ఆ కబురు నోళ్ళు మారి పెరిగింది. అంబులెన్సు ఆ దారినే వెళ్తుంటే, క్లబ్బు జెండా సగానికి దించి ఉంది.

"అయ్యో, ఎవరు పోయారు?" అన్నాడు నెవిల్.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి, మేజోడు తీసి, పచ్చిక ముల్లు ఒకటి లాగింది. "చెమటలు లేవు, నాలుక వణకడం లేదు. అయినా సాలీడు ఆచూకీ తెలీదు కాబట్టి సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి."

"నా ఫైనల్?"

"ప్రాణం కంటేనా?" అంది లొరైన్.

మధ్యాహ్నం తిరిగాక నర్సు సాలీడున్న సీసా ఒకటి పట్టుకొచ్చింది. "మీ ఇంటిదేనా ఇది? పొద్దున్నే డెస్ అనే ఆయన ఇచ్చి వెళ్ళారట."

డెస్ పక్కింటివాడు, క్లబ్బులో తోటి ఆటగాడు. లొరైన్ ఫోను కలిపి నెవిల్‌కు ఇచ్చింది.

"ఒరేయ్, బతికే ఉన్నావా!" అన్నాడు డెస్. "మీ సీసాలో తడిమట్టి లేదురా, ఎండి చస్తుందని నా సీసాలోకి మార్చా. ఫైనల్ రోజు నీకెందుకు శ్రమ అని నీ పేరు రాసి నేనే ఇచ్చేశా."

"ఫైనల్ ఏమైంది?"

"నీ బదులు నన్ను ఆడమన్నారు. నీ పేరు మీద మౌనం పాటించి మరీ ఆడాం. గెలిచాం!"

కప్పు మీద డెస్ పేరు చెక్కించారు. నెవిల్ పేరు సాలీడు సీసా మీద ఉంది.