ఒరిగే కుర్చీ, నిలబడ్డ మర్యాద

బెంగళూరులోని మా విశ్వవిద్యాలయం 2003లో వికలాంగ విద్యార్థులను ఉద్ధరించిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాం. పేరు చెప్పం, సొంత డబ్బా అనుకుంటారు. ఉద్ధరింపబడిన విద్యార్థిని మునిలక్ష్మి, హొసకోటె అమ్మాయి, ఎం.కాం. పుట్టుకతోనే వెన్నెముక వంకర. బల్లమీద అరగంట కూర్చుంటే నడుము పట్టేస్తుంది. పరీక్షేమో మూడు గంటలు. కిందటేడు సగంలో లేచిపోయింది. ఈసారీ తప్పితే సీటు రద్దు.

వెనక్కి ఒరిగే కుర్చీ ఒకటి ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. కమిటీ కూర్చుంది, ఉద్దినవడలు తింది, కుర్చీ తెప్పించింది. షామియానా వేశారు. కుర్చీకి చామంతి దండ, కుంకుమ బొట్టు. విభాగాధిపతి జయరామప్పగారు ఉపన్యసించారు: "ఇది కుర్చీ కాదు! మానవత్వానికి నాలుగు కాళ్లు!" ఉపన్యాసం అయ్యేదాకా మునిలక్ష్మిని పక్కనే నిలబెట్టారు. ఫొటోలో కనబడాలి కదా.

పరీక్షనాడు చిన్న చిక్కు వచ్చింది. హాలు పర్యవేక్షకులు ఓబళప్పగారికి వేదికమీద చెక్క కుర్చీ. ఎదురుగా విద్యార్థిని మెత్తటి కుర్చీలో ఒరిగి ఉంది! హాలంతా నివ్వెరపోయింది. జయరామప్పగారు పరుగున వచ్చారు.

"సారు చెక్క మీద, నువ్వు మెత్త మీదనా? బాగుంటుందా తల్లీ, నువ్వే చెప్పు."

"ఒరగకపోతే రాసేకి కాదు సార్. ఇదే ఆఖరు సారి సార్."

"నొప్పులు ఎవరికి లేవమ్మా? మర్యాద ముఖ్యం."

కుర్చీ వేదికెక్కింది. ఓబళప్పగారు మొహమాటపడుతూనే అందులో ఒరిగారు. మునిలక్ష్మి బల్లమీద కూర్చుని రాసింది, లేచి నిలబడి రాసింది, కిటికీ గట్టుకు అట్ట ఆనించి రాసింది. సగం పేపరుకు నడుము పట్టేసింది. పేపరు ఇచ్చేసి, వరండాలో నేలమీద పడుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

బయట కాచుకున్న తల్లి కెంపమ్మ లోపలికొచ్చింది. "కుర్చీ ఇచ్చిరంట గదప్పా, యాడుండాది?"

ప్యూను చూపించాడు. ఓబళప్పగారు సన్నగా గురక పెడుతున్నారు.

"మా బిడ్డ నొప్పి గూడా ఆ సారుకే ఇచ్చేయండప్పా," అంది కెంపమ్మ. "వట్టి కుర్చీ ఏం చేసుకుంటాడు పాపం!"

ఈ మాటను కమిటీ వారు తల్లిదండ్రుల కృతజ్ఞతగా స్వీకరించారు. మునిలక్ష్మి సీటు రద్దయింది. మరుసటేడు ఒక్క అర్జీ కూడా రాలేదు గనుక, సమస్య పూర్తిగా పరిష్కారమైనట్టే.

హాల్లో మిగతావాళ్లు ఏం చేశారంటారా? బుద్ధిమంతులు. తల ఎత్తకుండా రాసుకున్నారు, అందరూ పాసయ్యారు. మీరూ ఆ బ్యాచేననుకుంటా. ఫస్టు క్లాసు కదూ?