ఇల్లు అమ్మాలంటే ముందు ఇల్లు పోవాలి

సంచీ సర్దుకుంటూ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చీరలు, మాత్రల డబ్బా, సగం చదివిన పుస్తకం. తాళం వేశామో లేదోనని లేచి లేచి చూసుకునే మనిషిని నేను. రేపటి నుంచి ఈ ఇంటి తాళం వేరేవాళ్ళ బెంగ!

అయ్యలారా, అమ్మలారా! ఇల్లు కొనేటప్పుడు మీరేం చూస్తారు? గోడలు, నీళ్ళు, కాగితాలు. అంతా పొరపాటు! ఇల్లు చూపిస్తున్న ఏజెంటుకి సొంతిల్లు ఉందో లేదో చూడండి. ఉంటే అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోండి. ఇల్లు పోగొట్టుకోని ఏజెంటూ, ఆకలెరగని వంటమనిషీ ఒకటే. అందుకే ప్రభుత్వం వారికి నా మనవి: ఈ పనిలోకి దిగే ప్రతి మనిషి ఇల్లూ ముందు వేలం వేయించండి. లైసెన్సు ఆ తర్వాత ఇవ్వండి!

ఊరికే అనడం లేదు. మా అమ్మాయి ఏజెంటు. అల్లుడి ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది, దాని వెనకే మా ఇల్లూ బ్యాంకు పాలైంది. అంతకుముందు మా పిల్ల పక్కింట్లో గుప్పెడు పంచదార అడగడానికి కూడా సిగ్గుపడేది. ఇప్పుడు దాని ఫోన్ నంబరు ఊళ్ళో ఏ గోడ మీద చూసినా కనిపిస్తుంది. సిగ్గు కూడా ఇంటితో పాటే వేలంలో పోయినట్టుంది.

అద్దె అంటారా? మాకెందుకండీ అద్దె! ఖాళీ ఇల్లు బూజు పట్టి ఎవరికీ నచ్చదని ఓనర్లకు నచ్చజెప్పి, అమ్ముడుపోయేదాకా మేమే అందులో ఉంటాం. ఊడుస్తాం, తుడుస్తాం, లైట్లు వేస్తాం. బేరం కుదిరిన వారంలో ఖాళీ చేస్తాం. సొంతిల్లున్నవాళ్ళు పాపం బతుకంతా ఒకే కిటికీలోంచి చూడాలి. నేనో? మేడలో పడుకున్నాను, పాలరాతి గచ్చు మీద నడిచాను, మీట నొక్కితే వేడినీళ్ళొచ్చే స్నానాలగదిలో తల రుద్దుకున్నాను. ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. ఇల్లు ఖాళీ చేసి చూడమని ఒక్కరన్నా అన్నారా? ఎంత అన్యాయం!

ఈ వ్యాపారంలో నాకూ ఓ ఉద్యోగం ఉంది. కిటికీ పక్కన కూర్చుని చదువుతూ కనిపించడం.

"అమ్మా, వాళ్ళొస్తున్నారు. పుస్తకం తియ్యి."

"చదువుతూనే ఉన్నానే."

"అలా బెంగగా కాదమ్మా, హాయిగా చదువు!"

ముసలమ్మ హాయిగా చదువుకుంటుంటే అది కలిసొచ్చిన ఇల్లని కొనేవాళ్ళు అనుకుంటారట. బడి మెట్లెక్కకుండా పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్న నా చదువు, చివరికి సోఫాతో సమానంగా పనికొచ్చింది.

చితికిపోయి ఇల్లు అమ్ముకునేవాళ్ళను మా పిల్ల గుమ్మంలోనే పోల్చుకుంటుంది. పటాలు తీసేసిన చోట గోడ మీద మిగిలే తెల్లమచ్చలు చాలు. ఎందుకు అమ్ముతున్నారని పొరపాటున కూడా అడగదు. "పిల్లల చదువుల కోసం ఊరు మారుతున్నారు కదూ?" అంటుంది. వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. "అవునమ్మా, చదువులే!" అంటారు. అబద్ధం చెప్పుకునే శ్రమ కూడా వాళ్ళకు ఉంచదు. సొంతిల్లున్న ఏజెంటుకి వస్తుందా ఈ విద్య?

ఈ సుఖం మా అల్లుడికే పడలేదు. "అత్తయ్యగారూ, ఈ వారం మనిల్లెక్కడ?" అని పొద్దున్నే అడిగి మరీ బయటికెళ్ళేవాడు. ఒకరోజు పరధ్యానంగా వెళ్ళి, మేం ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టాడు. వాళ్ళు మర్యాదస్తులు, మంచినీళ్ళిచ్చి పంపారు. ఆ గ్లాసెడు నీళ్ళే అరగలేదు ఆయనకి. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, వేరే ఊళ్ళో పని చూసుకుంటానని బయల్దేరాడు.

"పని కుదరగానే వచ్చి తీసుకెళ్తా. ఈ ఇంటికే వస్తా. అందాకా దీన్ని అమ్మకు" అన్నాడు పెళ్ళాంతో.

"నేను అమ్మితే కదా!" అంది ఇది.

అప్పులవాళ్ళ బాధ పడలేక ఆయన ఫోన్ ఆపేశాడు. దీని నంబరు గోడలన్నిటి మీదా ఉంది కదా, తనే చెయ్యొచ్చు కదా అంటారేమో. ఆయన ఫోన్ చేసే మనిషి కాదండీ. చడీచప్పుడూ లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడే మనిషి. అలా నిలబడాలంటే గుమ్మమంటూ ఒకటి ఉండాలి కదా!

ఆనాటి నుంచి చూడండి మా పిల్ల నిజాయితీ! ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా ముందు కప్పు వైపు వేలు చూపించేది. "వానొస్తే కారుతుందండీ." పక్కన వెల్డింగ్ షాపుందని, నీళ్ళు పైకెక్కవని, తలుపులకు చెద పట్టిందని చెప్పేది. నా వంతుగా నేనూ పుస్తకం మూసి దగ్గేదాన్ని. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయేవారు.

మొన్న ఒక రిటైరైన గుమాస్తాగారు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. అంతా ఓపిగ్గా విన్నారు.

"ఇంకేమైనా ఉన్నాయామ్మా?"

"వెనకగదిలో చెమ్మండీ. వేసవిలో కుంపటి."

ఆయన భార్య వైపు తిరిగారు. "విన్నావుటే? ఇన్నిళ్ళు చూశాం, ఒక్కడు నిజం చెప్పాడా? ఈ అమ్మాయి చేతిమీదుగానే కొంటున్నాం!"

"వద్దండీ!" అంది మా పిల్ల, ఉండబట్టలేక.

"చూశావా, వద్దని కూడా చెబుతోంది! అడ్వాన్సు తియ్యి."

ఓనరు పొంగిపోయాడు. ఇంకో రెండిళ్ళు అమ్మిపెట్టమని దీనికే అప్పజెప్పాడు. కాబట్టి ఏజెంట్లారా, రాసిపెట్టుకోండి: నిజానికున్న గిరాకీ అబద్ధానికి లేదు!

కొన్న పెద్దాయన మంచివాడే. కప్పు బాగు చేయిస్తాడట, గేటు మార్పిస్తాడట, ముందువైపు ఇంకో గది వేయించి గుమ్మం పక్కవీధిలోకి పెట్టిస్తాడట. మూడు నెలలాగి వస్తే మీరే పోల్చుకోలేరు అన్నాడు. మా పిల్ల తలూపి తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

మా అల్లుడు ఈ ఇంట్లోంచి వెళ్ళింది నిరుడు వానలు మొదలైన వారంలో, గురువారం పొద్దున. తిరిగి రాలేదు.