వాటర్లూ తీర్పు చెల్లదు

ఐరోపా ప్రజలకు తెలియజేయునది ఏమనగా, వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ ఓడిపోలేదు. నర్మెట్ట పక్క తండాలో మొన్న ఆదివారం కూర్చున్న పెద్దమనుషులు ఈ మేరకు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ ఖండంలో ఇంకా పాత పాఠమే చెబుతున్న బడులేవైనా ఉంటే వెంటనే సరిచేసుకోవాలి.

నిజానికి పెద్దమనుషులు కూర్చున్నది సుక్కి బిడ్డ మౌనిక పంచాయితీకి. మౌనికను మొగుడు కల్యాణ్ కొట్టి పుట్టింటికి తరిమాడు. నాలుగేళ్ల పిల్లను మాత్రం దంతాలపల్లిలో తన దగ్గరే ఉంచుకున్నాడు. పిల్లను తల్లి దగ్గరికి చేర్చమని సుక్కి అడుగుతోంది. ఆ పిల్ల ఎవరో ఒకరి చెవి తమ్మె పట్టుకోనిదే నిద్రపోదు. అక్కడ ఎవరి చెవి దొరుకుతోందో అని సుక్కికి దసరా నుంచి ముద్ద దిగడం లేదు.

పొద్దున్నే వస్తామన్న కల్యాణ్ తరఫువాళ్లు మధ్యాహ్నమైనా రాలేదు. మన పంచాయితీలకు ఒక పవిత్రమైన కట్టుబాటుంది: రెండు పక్షాలూ రానిదే తీర్పు లేదు. పెద్దమనుషులు ఊరికే కూర్చుంటే పెద్దరికానికి లోటు కనుక, మాజీ సర్పంచి సంజీవరెడ్డి తన కొడుకు విక్రమ్‌ను ఏదైనా చెప్పమన్నాడు. విక్రమ్ సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్నాడు. నెపోలియన్ సేనాని గ్రూషీ ముప్పై వేల మందితో దగ్గర్లోనే ఉండి కూడా వేళకు రాలేదనీ, ఇంగ్లండుకు తోడుగా ప్రష్యా సేన మాత్రం వేళకు వచ్చి పడిందనీ, అందుకే వాటర్లూలో ఓటమి తప్పలేదనీ వినిపించాడు.

సంజీవరెడ్డి కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఆగు బిడ్డా. ఒక తరఫు మనుషులు రాకముందే తీర్పు ఎట్ల జెప్పిండ్రు?”

“తీర్పు కాదు బాపూ, యుద్ధం.”

“ఏదైతేంది? వాయిదా ఎయ్యాలె గద!”

“పైంగ ఆ ప్రష్యావోళ్లు నడుమల జొరబడ్డరట,” అన్నాడు తండా పెద్ద లక్ష్మా నాయక్. “బయటోళ్లకు ఏం పని పటేలా? గది చెల్లదు.”

అలా యుద్ధం రద్దయింది. మిగతా పనులు చకచకా జరిగిపోయాయి. నెపోలియన్ గెలిచాడు కనుక ప్రష్యా తల వంచుకుంది. అది కూడగట్టాల్సిన జర్మనీ ఒక్కటి కాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలూ చాయ్ రాకముందే ఆగిపోయాయి. కోట్ల ప్రాణాలు దక్కాయి. ఆస్ట్రియా, రష్యాలకు చెరి సగం తప్పు వేసి, చేతులు కలిపించి పంపారు. ఇంగ్లండు తన దీవిలో చేపలు పట్టుకుంటూ ఉండిపోయింది. హైదరాబాదు సర్కారు కచేరీల్లోకి ఇంగ్లీషుకు బదులు ఫ్రెంచి వచ్చింది. మన తెలంగాణ మాటను సినిమాల్లో వెక్కిరించేవాళ్లకు ఫ్రెంచిలో వెక్కిరించడం చేతగాక నోళ్లు పడిపోయాయి.

విక్రమ్ ఇంకో సంగతి చెప్పాడు. ఓడిపోయిన నెపోలియన్‌ను నడిసముద్రంలో ఒక దీవికి పంపారట. వియన్నాలో తాత ఇంట్లో ఉన్న అతని నాలుగేళ్ల కొడుకు, తండ్రి ముఖం మళ్లీ చూడనే లేదట.

సంజీవరెడ్డి తువ్వాలతో కళ్లు ఒత్తుకుని లేచి నిలబడ్డాడు.

“కన్నోళ్ల నుంచి పిల్లను ఎడబాపినంక ఇగ వాడు మనిషేనా? రాజైతేంది, కూలోడైతేంది, కడుపుకోత ఒక్కటే! గా పిలగాన్ని రేపు పొద్దుగూకే వరకు తండ్రికి అప్పజెప్పాలె. గిది మా హుకుం!”

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది సుక్కి. తన పని కూడా అయిపోయిందనుకుని, మౌనిక చేయి పట్టుకుని ముందుకొచ్చింది.

“పటేలా, గంత దూరపు పిలగాన్నే తెప్పిస్తివి. దంతాలపల్లికైతే బస్సే పోతది. మా పిల్లను గూడ తెప్పియ్యి.”

“గది వేరు సుక్కీ. వాళ్ల తరఫు రాలే గద. వాయిదా.”

“వాళ్లు ఎన్నడొచ్చిండ్రు పటేలా? పోయినసారి గూడ రాలే. రాకుంటెనే గెలుస్తమని వాళ్లకు ఎరుకాయె.”

“జర ఓపిక పట్టాలె. ఇంటి విషయాలు తొందరపడితే తెగుతయి.”

లక్ష్మా నాయక్ ఆమెను పక్కకు పిలిచి, తమ ఇంటి భాషలో మెల్లగా నచ్చజెప్పాడు. ఐరోపావాళ్లను ఏమన్నా ఎవరూ పట్టించుకోరు. కల్యాణ్ మేనమామ అలా కాదు, వచ్చే ఎన్నికల్లో సంజీవరెడ్డి పటేలుకు కావలసిన మనిషి.

ఒక్క పూటలో ఒక ఖండాన్ని చక్కదిద్దిన అలసటతో పెద్దమనుషులు ఇళ్లకు బయలుదేరారు. ఐరోపాలో ఇప్పుడంతా క్షేమమే. నెపోలియన్ కొడుకు తండ్రి ఒడికి చేరాడని మీ మనసూ కుదుటపడే ఉంటుంది. దంతాలపల్లిలో ఉన్న పిల్లకూ ఒక పేరుంది. ఇంతసేపూ మీరు కూడా అడగలేదు.