ఇరవైనాలుగు రెట్ల దుప్పి

ఏప్రిల్ వచ్చిందంటే కోల్డ్‌బర్న్ లోయలో మగ దుప్పులు ఆడవాటి కోసం రంకెలు వేస్తాయి. వాటితో పాటు మగవాళ్లూ వేస్తారు. ఆవుకొమ్ము బూర నోట పెట్టుకుని ఊదితే, పోటీకి ఎవడో వచ్చాడనుకుని మగ దుప్పి ఎదురు రంకె వేస్తూ దగ్గరికి వస్తుంది. ఆ శనివారం పొద్దున్నే లిండ్సే టలక్ కూడా బూర మెడలో తగిలించుకుని, నారింజరంగు కోటు తొడుక్కుని తయారయ్యాడు. పథకం చాలా చిన్నది. వాగు పక్క అడవిలో ఒక దుప్పిని కొట్టడం, ఎండ ఎక్కేలోగా ఇంటికి చేర్చడం, సాయంత్రం ఊరి హాల్లో విందుకు కూర చేయించడం.

ఆ విందుకు పెత్తనమంతా అతని భార్య నోలాదే. "ఈసారి మా ఆయన దుప్పి మాంసం తెస్తాడు" అని ఆమె అందరికీ ముందే చెప్పేసింది. అలా చెప్పడానికి కారణం ఆమె అన్న కీత్. పోయినేడు దుప్పిని తెచ్చింది అతనే. తెచ్చినవాడు ఊరుకోకుండా, వడ్డన మొదలైన దగ్గర్నుంచి టీ తాగేవరకు దాన్ని ఎలా కొట్టాడో వర్ణించి వర్ణించి చెప్పాడు. ఈ ఏడూ అదే వినాల్సి వస్తే ఊళ్లో తలెత్తుకోలేనని నోలా బెంగ. నోలా తలెత్తుకోలేకపోతే ఇంట్లో తన గతేమిటని లిండ్సే బెంగ.

"ఆ గొట్టమేంటి, తుపాకీ కంటే లావుగా ఉంది?" అంది నోలా గుమ్మంలో నిలబడి.

"కొత్త స్కోపు. ఇరవైనాలుగు రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది."

"వాగు పక్క చెట్లలో దుప్పి ఎంత దూరంలో ఉంటుందేం?"

"ముప్ఫై గజాలు. మహా అయితే నలభై."

"దానికి ఇరవైనాలుగు రెట్లెందుకు? పళ్లు పరీక్ష చేస్తావా?"

లిండ్సే జాలిగా నవ్వాడు. తండ్రి ఇచ్చిన పాత స్కోపు నాలుగు రెట్లే చూపించేది. "ఆ కళ్లద్దం ఇంకా పారెయ్యలేదా బావా?" అని పోయినేడు కీత్ పదిమందిలో అడిగినప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు. పట్నం వెళ్లి, దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇమ్మన్నాడు. ఎంత దూరానికి వాడతారని దుకాణంవాడు అడిగితే, "ఎంత దూరమైనా" అన్నాడు. ఇలాంటి కొనుగోలుదారుడు దొరకడం అదృష్టమని దుకాణంవాడు ఇంకేమీ అడగలేదు.

అడవి అంచున అతనికి వెంటనే కాలం కలిసొచ్చింది. పొదల పక్కన దుప్పి ఒకటి తలెత్తి నిలబడి ఉంది. లిండ్సే తుపాకీ భుజానికి ఆనించి స్కోపుకు కన్ను పెట్టాడు. గోధుమరంగు మసక కనపడింది. కొంచెం ఎడమకు జరిపితే ఇంకొంచెం మసక. కుడికి జరిపితే ఒక ఆకు, అరటాకంత. ఎదురుగా ఉన్నది మెడో, పిర్రో, పక్కనున్న మట్టిగట్టో అంతుపట్టలేదు. ఏం కాలుస్తున్నామో రూఢిగా తెలియనిదే కాల్చకూడదని ఆ లోయలో పిల్లలకు నడకతో పాటే నేర్పిస్తారు. అతను తుపాకీ దించి మామూలు కళ్లతో చూసేసరికి అక్కడ దుప్పి లేదు.

స్కోపు తప్పేం లేదని లిండ్సే తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. తప్పంతా దూరానిది. ఇంత ఘనమైన వస్తువును ఇంత దగ్గరివాటికి వాడటం దాన్ని అవమానించడమే. అందుకని అడవి వదిలి, రొప్పుకుంటూ కొండ గట్టెక్కి, బోర్లా పడుకుని, లోయకు అవతల ఉన్న కొండవాలును వెతకడం మొదలుపెట్టాడు. అతను ఊపిరి తీస్తే కొండ పైకి లేచింది, వదిలితే కిందికి దిగింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తుప్పలన్నీ గంతులేశాయి. అయినా పట్టు వదల్లేదు. చివరికి ముళ్లతుప్పల మధ్య కొమ్ములు కనపడ్డాయి. కొమ్మలు కొమ్మలుగా చీలిన పెద్ద కొమ్ములు, వాటి కింద ఎర్రటి గోధుమరంగు.

గట్టు మీద మాత్రమే ఫోను పలుకుతుంది. "నోలా! దొరికింది! పన్నెండు కొనల కొమ్ములు! తుప్పల్లో పడుకుని ఉంది."

"కొట్టావా?"

"కొట్టినట్టే."

"కొట్టినట్టే అంటే కొట్టలేదనేగా?"

"కదలడం లేదు నోలా, ఎక్కడికి పోతుంది? మాంసం కొట్టుకి ఫోన్ చేసి ఏమీ వద్దని చెప్పెయ్. పూచీ నాది."

నోలా కిటికీలోంచి వెనక దొడ్డివైపు ఒకసారి చూసింది. తర్వాత "సరే" అంది. ఆమె హాలుకు ఫోన్ చేసి ఈ కబురు చెప్పగానే విందు కమిటీ అధ్యక్షుడు ఆల్ఫ్ డెన్నిస్టన్ తనే మాంసం కొట్టుకు వద్దని చెప్పేశాడు. గుమ్మం దగ్గరి పలక మీద 'పన్నెండు కొనల దుప్పి కూర' అని సుద్దతో రాశాడు. బల్లలు సర్దుతున్న కీత్ అది చదివి, "పాపం, బావ ఒక్కడే ఎలా మోసుకొస్తాడు? సాయం వెళ్తాను" అని కొండవైపు బయల్దేరాడు. సాయానికి వెళ్లేవాడు తుపాకీ, బూర ఎందుకు తీసుకెళ్తున్నాడని ఎవరూ అడగలేదు.

ఇదంతా తెలియని లిండ్సే, పడుకున్న దుప్పి తనే లేస్తుందేమోనని గంటకు పైగా కాచుకుని, చివరికి దాన్ని లేపడానికి బూర ఊదాడు. తుప్పల అవతల నుంచి ఎదురు రంకె వచ్చింది. అతనికి ఒళ్లు పులకరించింది. కొమ్ములు మాత్రం కదల్లేదు. పడుకునే రంకె వేస్తోందంటే ఇది ఎంత పొగరుబోతో అనుకున్నాడు. గట్టు దిగి మళ్లీ ఊదాడు. మళ్లీ జవాబొచ్చింది. మోకాళ్ల లోతు చన్నీళ్లలో వాగు దాటాడు, ముళ్లలో పాకాడు, ప్యాంటు మోకాలి దగ్గర చింపుకున్నాడు. అన్నేళ్ల వేటలో అంత అపశ్రుతిగా రంకె వేసే దుప్పిని అతను వినలేదు. బాగా ముసలిదై ఉంటుంది, కూర ఎక్కువసేపు ఉడికించమని చెప్పాలనుకున్నాడు.

ఆఖరి తుప్పను పక్కకు తప్పించి చూశాడు. కొమ్ములు ఉన్నాయి. కొమ్ముల కింద తలుపు ఉంది. పైన పొగగొట్టం ఉంది. చుట్టూ తుప్పుపట్టిన రేకుల గోడ ఉంది. అది అతని సొంత పాక. గొర్రెలను కొండ మీది నుంచి తోలుకొచ్చేటప్పుడు ఏటా అందులోనే పడుకుంటాడు. ఆ కొమ్ములు తలుపు మీద మేకులేసి కొట్టింది కూడా అతనే. ఇరవైనాలుగు రెట్ల స్కోపులో కొమ్ములు పట్టాయి, తుప్పు పట్టింది, పాక పట్టలేదు.

అతను తెరిచిన నోరు మూయకముందే పాక అవతలి మూల నుంచి, బూర నోట్లో పెట్టుకుని, కీత్ వంగి వంగి నడుచుకుంటూ వచ్చాడు.

"నువ్వా!" అన్నాడు లిండ్సే. "అంత ఘోరంగా రంకె వేసింది నువ్వా బావా?"

"మరి నాకు జవాబిచ్చింది నువ్వా? రోగమొచ్చిన ఆవేమో అనుకున్నాను."

"ఆవనుకున్నవాడివి నక్కి నక్కి ఎందుకొచ్చావ్?"

కీత్ గడ్డం గోక్కున్నాడు. అతనిది ఎర్రటి గుబురు గడ్డం. లిండ్సే చూపు అతని తుపాకీ మీద పడింది. "ఆ గొట్టమేంటి?"

"ఇరవైనాలుగు రెట్లది. నువ్వు కొన్నావని తెలిసి..."

అప్పుడే పాక వెనక నేల అదిరింది. ఇద్దరు ప్రత్యర్థులు పొద్దుటి నుంచి తన కొండ మీద చేస్తున్న అల్లరిని ఇక భరించలేక, అసలు దుప్పి రొప్పుతూ వచ్చి వాళ్లిద్దరికీ నడుమ నిలబడింది. లిండ్సే తుపాకీ ఎత్తి స్కోపులో చూశాడు. ఎర్రటి వెంట్రుకలు కనపడ్డాయి. అది దుప్పి మెడో, బావ గడ్డమో తేలలేదు. వెంటనే తుపాకీ దించేశాడు. అవతల కీత్ తుపాకీ ఎత్తనే లేదు, రెట్లు తగ్గించే స్కోపు రింగును ఆరుకు తిప్పాలని పళ్లు బిగించి తంటాలు పడుతున్నాడు. కొత్త రింగు కిర్రుమంది. దుప్పి ఒకసారి ఇతన్నీ, ఒకసారి అతన్నీ చూసింది. ఇద్దరిలో ఎవడూ పోటీకి పనికిరాడని తేల్చుకుని, తొందరేం లేకుండా కొండెక్కి వెళ్లిపోయింది.

ఇద్దరూ తుపాకులు భుజాన వేసుకుని ఊరి దారి పట్టారు. ఊరు కనపడగానే లిండ్సేకి ఏడుపొచ్చినంత పనైంది. "ఊరంతా కంచాలు కడుక్కుని కూర్చుంటుంది బావా. నోలా మొహం ఎలా చూడను?"

"నేను నీ బూరతో రంకెల పోటీ పెట్టుకున్నానని మాత్రం చెప్పకు. నీ పాక సంగతి నేనూ చెప్పను" అన్నాడు కీత్.

హాలు వెనక తలుపు తెరవగానే కమ్మటి మసాలా వాసన కొట్టింది. పెద్ద గుండిగల్లో ఎర్ర ద్రాక్షసారా పోసిన కూర కుతకుత ఉడుకుతోంది. "నోలా, ఆ దుప్పి..." అని మొదలుపెట్టాడు లిండ్సే.

"ప్యాంటు మార్చుకుని వచ్చి వడ్డించు" అంది నోలా గరిటె ఆపకుండా.

అర్థం కాకపోయినా వడ్డించాడు. ఊరంతా లొట్టలేసుకుంటూ తింది. ఆల్ఫ్ డెన్నిస్టన్ మూడోసారి కంచం నింపించుకుని లేచి నిలబడ్డాడు. "ఇంత మెత్తటి దుప్పిని నా జన్మలో తినలేదు. పోయినేడు కీత్ తెచ్చింది బూటు తోలులా సాగింది. లిండ్సే, చెప్పవయ్యా, ఎంత దూరం నుంచి కొట్టావు?"

హాలంతా చెవులు రిక్కించింది. లిండ్సే ఎవరూ అడక్కుండానే ఆల్ఫ్ కంచంలో ఇంకో గరిటె కూర వేశాడు. కీత్ తన కంచంలోకి దీక్షగా చూస్తున్నాడు.

"దూరమెక్కడ?" అంది నోలా. "మా ఇంటి వెనక దొడ్డిలోనే. పొద్దున ఫోను పెట్టెయ్యగానే పనైపోయింది."

దొడ్డిలో బలిసిన పొట్టేళ్లు రెండు ఉండాలి. ఇందాక ప్యాంటు మార్చుకోవడానికి ఇంటికి వెళ్లినప్పుడు ఒక్కటీ కనపడలేదని లిండ్సేకి ఆ క్షణంలో స్ఫురించింది. భార్య మీద ప్రేమ పొంగుకొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. వినయం వల్ల అనుకుని జనం చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడూ లిండ్సేనే తేవాలనీ, ఒకటి కాకుండా రెండు తేవాలనీ కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది.

గొర్రెల అభిప్రాయం ఎవరూ అడగలేదు.