మోతాదు ప్రకారం కేకు

ఆ ఆదివారం పొద్దున్నే ఇంట్లోంచి జారుకోవాలని మరిది అనుకున్నాడు. చెప్పుల్లో కాళ్లు పెడుతుండగానే వదిన కేకు పళ్లెంతో ఎదురొచ్చింది. ఆవిడ ఆ ఇంటికి కొత్త కోడలు. వారం వారం ఎంతో ఇష్టంగా కేకు చేస్తుంది. అది తడిసిన ఇటుకలా గొంతుకు అడ్డం పడుతుంది. ఆ మాట ఆవిడతో అనడానికి అతనికి నోరు రాదు.

"నాకు గుడ్డు పడదు వదినా," అన్నాడు.

వదిన ముఖం పాలిపోయింది. "అయ్యో, మొదటివారం తిన్నారుగా మరిదిగారూ. అప్పుడేమైంది?"

"ఒళ్లంతా దద్దుర్లు."

"పెదాలు వాచాయా?"

"వాచాయి."

"ఊపిరి?"

"కొంచెం ఆడలేదు." కొసరుగా వేసిన ఆ మాటే కొంప ముంచింది.

వదిన గిన్నెలన్నీ మళ్లీ తోమింది. బిస్కెట్ పొట్లాల మీది చిన్న అక్షరాలన్నీ చదివింది. అన్నయ్యకు ఆమ్లెట్ ఆగిపోయింది.

"నీకు పడకపోతే నా ప్లేటు ఖాళీ ఏంట్రా," అన్నాడు అన్నయ్య.

మర్నాడు వదిన అతన్ని ఎలర్జీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ అతని ముంజేతి మీద గుడ్డు, పాలు లాంటి వాటి మందు చుక్కలు వేసి, ఒక్కో చుక్కలో సూదిమొనతో గుచ్చింది. "పడనిదైతే దోమ కుట్టినట్టు లేస్తుంది," అంది. ఒక్క దద్దురైనా లేవాలని మరిది మనసులో మొక్కుకున్నాడు. గుడ్డు చుక్క దగ్గర చర్మం అద్దంలా ఉంది.

"అయితే పడుతుందనేనా?" అంది వదిన.

"ఊపిరాడలేదంటున్నారు కదమ్మా, ఇదొక్కటి చూసి తేల్చలేం. మా కళ్లముందు కొంచెం కొంచెంగా తినిపించి చూడాలి. గుడ్డు వేసి చేసింది ఏదైనా రేపు తీసుకురండి."

"కేకు పనికొస్తుందా?"

"భేషుగ్గా."

మర్నాడు ఇంజెక్షన్ పక్కన సిద్ధంగా పెట్టుకుని, డాక్టరమ్మ గోరంత ముక్క పెట్టింది. చాలాసేపు ఆగి చెంచాడు. మళ్లీ ఆగి అరచేయంత.

"గొంతు పట్టేసినట్టుందా?"

"ఉంది," అన్నాడు మరిది. ఆ మాట మాత్రం నిజం.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "వాపేం లేదు. మంచినీళ్లు తాగండి."

సాయంత్రానికి గుడ్డు ఎలర్జీ లేదని తేల్చేసింది. వదిన కళ్లు తుడుచుకుంది.

"మీరూ ఓ ముక్క తినండమ్మా," అంది డాక్టరమ్మ.

"నాకు గుడ్డు పడదండి, నా గిన్నెలు వేరే పెట్టుకుంటాను. చిన్నప్పుడు ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాను. అందుకే మరిదిగారు ఆ మాట అనగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు."

"మరి దీని రుచి?"

"నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన తిని బావుందంటారు, అంతే."

మరిది పళ్లెం ముందుకు లాక్కుని ఇంకో ముక్క తీసుకున్నాడు.

ఆ మోతాదు డాక్టరమ్మ రాసింది కాదు.