విడతలవారీ ఫిర్యాదు

"ఇంతకాలం గోడలకే చెవులున్నాయి. ఇవాళ్టి నుంచి ప్రభుత్వానికి కూడా ఉన్నాయి!" అని ఫిర్యాదుల శాఖ మంత్రిగారు ప్రకటించి, విలేకరులు రాసుకునేదాకా ఆగారు.

ఆ చెవి పేరు 'గొంతు విప్పండి'. ఫోన్ చేస్తే మనిషి ఎత్తడు, యంత్రం ఎత్తుతుంది. నీళ్ళకైతే ఒకటి, రోడ్లకైతే రెండు నొక్కమంటుంది. చెప్పింది రికార్డు చేసుకుని ధన్యవాదాలు చెబుతుంది. మనిషయితే విసుక్కుంటాడు. యంత్రానికి ఆ శిక్షణ ఇంకా ఇవ్వలేదు.

"మీవాళ్ళే ఫిర్యాదులు చెరిపేస్తేనో?" అని ఒక విలేకరి అడిగాడు.

మంత్రిగారు జాలిగా నవ్వారు. "ఆ సర్వరు మీద ఎవరు చెయ్యి వేసినా లాగ్‌లో పడుతుందయ్యా. ఎవరొచ్చారు, ఏం మార్చారు, ఎప్పుడు మార్చారు, అంతా. నేను దగ్గినా పడుతుంది."

ఆ లాగ్‌ను కంటికి రెప్పలా కాచే బాధ్యత డిప్యూటీ డైరెక్టరుగారి మీద పెట్టారు. పైనుంచి ఏం చెప్పినా "చిత్తం" అనే అలవాటు వల్ల ఆఫీసులో ఆయన్ని చిత్తంగారు అనేవారు. సర్వర్ల గురించి ఆయనకు బొత్తిగా తెలియదు. తెలిసినవాడైతే వేలు పెడతాడని, తెలియనివాడైతే దూరంగా నిలబడతాడని మంత్రిగారి దూరదృష్టి.

సర్వరు గదిలో చలికి చేతులు కట్టుకుని నిలబడ్డ చిత్తంగారికి అక్కడ పనిచేసే ఇంజనీరమ్మ లాగ్‌ల సంగతి వివరించింది.

"లాగ్‌లు రెండు రకాలండీ. ఒకటి మనుషులు చేసే పనులకి. ఇంకోటి డీబగ్. యంత్రం లోపల్లోపల చేసుకునే ప్రతి పనీ రాసుకుంటుంది. ఏదైనా చెడిపోయినప్పుడే ఆన్ చేస్తాం. ఇప్పుడు ఆపి ఉంచాను."

చిత్తంగారు కట్టుకున్న చేతులు విప్పేశారు. "ఆపి ఉంచావా! రేపు పేపర్లో పడితే? ఏదో దాస్తున్నామనుకోరూ? ముందు ఆన్ చెయ్యమ్మా."

"డిస్కు నిండిపోతుందండీ."

"నిండనీ. నిండుకుండ తొణకదు."

డీబగ్ ఆన్ అయింది. ఆ రోజు నుంచి యంత్రం చేసే పనికంటే, చేస్తున్నట్టు రాసుకోవడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టి ప్రభుత్వోద్యోగంలో స్థిరపడిపోయింది. ఫోన్ మోగింది అని రాసుకునేది. ఎత్తబోతున్నాను అని రాసుకునేది. ఎత్తాను అని, ఎత్తినట్టు రాశాను అని కూడా రాసుకునేది. చూస్తూండగానే డిస్కు నిండి, జనం గొంతులు పెట్టుకోవడానికి చోటు లేకపోయింది.

"డీబగ్ ఆపేద్దామండీ," అంది ఇంజనీరమ్మ.

"పారదర్శకత తగ్గదూ? ఫిర్యాదులు తగ్గించు. మనిషికి ఒక్క గుక్క చాలు."

అప్పటినుంచి ఒక్క గుక్క మాట కాగానే యంత్రం ధన్యవాదాలు చెప్పి పెట్టేసేది. తర్వాతి సమీక్షలో మంత్రిగారు రికార్డింగులు విన్నారు.

"అయ్యా, మా వీధిలో..."

"అయ్యా, మా బడి పక్కన..."

"బాబూ, మీకు దణ్ణం పెడతాను, మా..."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "చూశావటయ్యా! ఉత్తినే పలకరించడానికి ఫోన్ చేస్తున్నారు. ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు లేదు!"

"చిత్తం."

అంతా సవ్యంగా సాగుతుండగా ఒకరోజు లాగ్‌లో ఒకే నంబరు వరసగా కనబడింది. యంత్రం పెట్టేసిన మరుక్షణం మళ్ళీ అదే. తెరమీద ఎర్రగా 'అనుమానాస్పద చర్య' అని పడింది. చిత్తంగారు ఎందుకైనా మంచిదని ముందు మంత్రిగారికి కబురు పెట్టి, ఆ తర్వాత రికార్డింగు విన్నారు. ముందు విని ఆ తర్వాత కబురు పెట్టాల్సిందని వెంటనే అర్థమైంది.

"అయ్యా, మా వీధిలో..."

ఆ గొంతు ఆయనకు తెలుసు. పొద్దున లేచింది మొదలు వినే గొంతే. ఇంటావిడ.

"చెరిపెయ్యమ్మా," అన్నారు నీరసంగా.

"చెరిపేసినట్టు లాగ్‌లో పడుతుందండీ."

"ఎవరు చెరిపేసినట్టు?"

"లాగిన్ మీదే కదండీ."

"ఆ లాగ్ కూడా చెరిపేస్తే?"

"అదీ పడుతుందండీ."

ఈలోగా మంత్రిగారు రానే వచ్చారు. "ఎవడయ్యా నా సర్వరు మీద దాడి చేస్తోంది? ఏదీ, వినిపించండి!"

ఇంజనీరమ్మ ముక్కలన్నీ వరసగా పెట్టింది.

"అయ్యా, మా వీధిలో..." "కుళాయిలు ఎండిపోయి చాలా రోజులైంది..." "నీ ధన్యవాదాలు తగలెయ్య, కాస్త ఆగవయ్యా..." "మా ఆయన మీ ఆఫీసులోనే పెద్ద ఆఫీసరు..." "ఆయనతో మొత్తుకుంటే..." "అందరిలాగే ఫోన్ చేసుకోమన్నారు!"

"ఎవరా ఆఫీసరు?" అన్నారు మంత్రిగారు.

ఇంజనీరమ్మ సీలింగు వైపు చూసింది. చిత్తంగారికి రావాల్సిన ప్రమోషను కళ్ళముందే రెక్కలు కట్టుకుని ఎగిరిపోయింది. అబద్ధమాడదామంటే అదీ ఎక్కడో పడుతుందేమోనని భయం.

"నే... నేనేనండీ."

మంత్రిగారు రెండు చేతులూ చాచి ఆయన్ని కావలించుకున్నారు.

"సొంత పెళ్ళానికి కూడా దొడ్డిదారి చూపించలేదటయ్యా! అందరితోపాటు వరసలో నిలబెట్టావా! మహానుభావుడివి! నీకు సన్మానం చెయ్యకపోతే నేను మంత్రినే కాదు."

మంత్రిగారు మంత్రే కనుక సన్మానం జరిగింది. దంపతులిద్దరినీ వేదికెక్కించారు. ఆయనకు జ్ఞాపిక, ఆవిడకు పూలగుత్తి ఇచ్చారు. ఆయన నిజాయితీ గురించి మాట్లాడినవాళ్ళందరూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడారు. ఆవిడ కూడా రెండు మాటలు చెబుతానని లేచింది కానీ, మైకు దగ్గరికి నడిచేలోపు వందన సమర్పణ మొదలైంది.

ఇంటికొచ్చాక చిత్తంగారు జ్ఞాపికను ఏ కోణంలో పెడితే పేరు బాగా కనబడుతుందో చూసుకుంటున్నారు. ఆవిడ పూలగుత్తిని చెంబులో పెడదామని వంటింట్లో కుళాయి తిప్పింది. అది బుస్సుమని గాలి వదిలింది.

ఆవిడ పూలగుత్తి ఆయన ఒళ్ళో పెట్టి, ఫోన్ తీసి నంబరు కొట్టి, ఆయనకూ వినబడేలా స్పీకరు పెట్టింది.

ఈసారి యంత్రం తొందరపడలేదు. చాలా మర్యాదగా మాట్లాడింది.

"నమస్కారం. మీ నీటి సమస్య సన్మానం ద్వారా పరిష్కరించబడినది. మీకు తృప్తి కలిగితే ఒకటి నొక్కండి. పరమ తృప్తి కలిగితే రెండు నొక్కండి."

ఆవిడ ఆయన వైపు చూసింది.

"రెండు నొక్కు," అన్నారు చిత్తంగారు.