పళ్ల డాక్టరు స్మారక కప్పు, పదకొండో నిబంధన

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తెలియాలంటే దాని నిబంధనావళి ఎన్ని పేజీలుందో చూస్తే చాలునని సీనియర్ల గోల్ఫ్ సంఘం కార్యదర్శిగారి దృఢ విశ్వాసం. సర్వే శాఖలో రిటైరైన ఆయన, పళ్ల డాక్టరు స్మారక కప్పు కోసం ముప్పై ఒక్క పేజీలు రాశారు. (ఆడేవాళ్లు తొమ్మిదిమంది.)

పోయిన వానాకాలంలో కన్నుమూసిన పళ్ల డాక్టరు ఆయనకు ఇరవై రెండేళ్ల స్నేహితుడు. ప్రతి బుధవారం ఇద్దరూ ఆడేవారు, ప్రతి బుధవారం డాక్టరే గెలిచేవారు. గెలిచి, "ఇవాళ నీకు గాలి అడ్డొచ్చిందిరా" అని ఓదార్చేవారు. ఆ ఓదార్పును కార్యదర్శి ఇప్పటికీ క్షమించలేదు. అది వినపడని బుధవారాలను అసలే క్షమించలేదు.

కప్పు మీద స్నేహితుడి పేరు కింద తన పేరు చెక్కించుకోవాలని ఆయన కోరిక. మోకాలి మీద నమ్మకం లేక పదకొండో నిబంధన రాసుకున్నారు: "పోటీకి హాజరు కాలేని సభ్యునికి, అతడు చివరగా ఆడిన ఇరవై ఆటల సగటునే స్కోరుగా పరిగణించవలెను." సభ్యుడంటే ఎవరో నాలుగో పేజీలో నిర్వచించారు: రాజీనామా పత్రంపై స్వయంగా సంతకం చేయనివాడు.

"ఇది మీకోసమేగా?" అంది భార్య, చదివి.

"అందరికీ వర్తిస్తుంది," అన్నారాయన.

తీరా పోటీనాడు మోకాలు సహకరించింది. తొంభై మూడు షాట్లలో ఆట ముగించారు. తక్కువ షాట్లలో ముగించినవాళ్లదే కప్పు. మిగతా ఎనిమిదిమందిలో ఒక్కరూ వంద లోపు లేరు. (ఒకాయన ఏడో గుంట దగ్గర కునుకు తీసి, లేచి, ఆరో గుంట వైపు నడిచారు.) కార్యదర్శి అద్దం ముందు కృతజ్ఞతా ప్రసంగం రెండుసార్లు చదువుకున్నారు. రెండోసారి గొంతు పూడుకుపోయింది. బాగుందనిపించి, అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు.

హాల్లో అధ్యక్షుడు, ఒకప్పటి హెడ్మాస్టరు, కంప్యూటరు తీసిన జాబితా చదివారు. "ప్రథమ స్థానం, తొంభై రెండు. పళ్ల డాక్టరుగారు. గైర్హాజరు."

ముందు వరుసలో ఇద్దరు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు.

"ఆయన పోయారండీ," అన్నారు కార్యదర్శి.

"తెలుసు, అంత్యక్రియలకి నేనూ వచ్చాను. రాజీనామా పత్రం ఉందా?"

"ఎలా ఉంటుంది?"

"అయితే సభ్యుడే. నాలుగో పేజీ మీరే రాశారు. చక్కగా రాశారు."

"అప్పీలు చేస్తాను."

"చెయ్యండి. పందొమ్మిదో నిబంధన ప్రకారం ఎదుటి పక్షం వాదన వినేదాకా ఫలితం మారదు."

విజేతకు కప్పు అందించడానికి వచ్చిన డాక్టరుగారి భార్య, ఎవరికివ్వాలో తెలియక, కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి తీసుకున్నారు. తర్వాత కార్యదర్శి దగ్గరకొచ్చి, "ఏమనుకోకండి అన్నయ్యగారూ. ఇంట్లో ఇప్పటికే వీటికి చోటు లేదు," అన్నారు.

"పర్లేదమ్మా," అని ఆయనే కప్పు మోసుకెళ్లి కారులో పెట్టారు. దారిలో ఎవరూ చూడకుండా చొక్కా అంచుతో ఒకసారి తుడిచారు.

ఆ సాయంత్రం నాలుగో పేజీ సవరిద్దామని పెన్ను తీశారు. సవరిస్తే సభ్యుల జాబితాలోంచి డాక్టరు పేరు పోతుంది. కాసేపు చూసి, పెన్నుకు మూత పెట్టేశారు.

"పోనీ, వచ్చే ఏడాది చూద్దురుగాని," అంది భార్య.

ఆయన అవకాశాలు లెక్కవేశారు. డాక్టరుగారి సగటు ఇక పాడయ్యే వీలు లేదు. తన సగటుకు ఆ వీలు ఇంకా కొన్నాళ్లుంది.